తాళం పడని తాలూకా

గాదంశెట్టి ఓబులేశుకు ఇద్దరు యజమానులు. ఒకరు ఢిల్లీలో ఉంటారు, ఒకరు రాష్ట్ర రాజధానిలో. ఇద్దరినీ అతను ఎన్నడూ చూడలేదు. మూడేళ్లకోసారి ఇద్దరి ముద్రలూ ఒకే కాగితం మీద పడితే అతని కొట్టు తలుపు తెరుచుకుంటుంది. ఒక్క ముద్ర తగ్గిందా, తండ్రి నాటి నుంచి నడుస్తున్న కొట్టు మూతపడుతుంది. ఆ ఏడు గడువు దీపావళి వెళ్లిన తొమ్మిదో రోజుతో తీరిపోతుంది.

రాగులపెంట బజారులో అతనిది తుపాకుల కొట్టు. తుపాకులనగానే పెద్దపెద్ద మీసాలు, జీపులు ఊహించుకోనక్కర్లేదు. అతని బేరమంతా అడవి అంచున చేలున్న రైతులతోనే. శనక్కాయ ఊడలు దిగి గింజ పట్టే రోజులకు గుట్ట మీంచి అడవిపందులు మందలుగా దిగుతాయి. రేకుడబ్బా వాయిస్తే మొదటి ఏడు పారిపోయాయి, రెండో ఏడు నిలబడి విన్నాయి, మూడో ఏడు నుంచి ఆ చప్పుడుకే అన్నాల వేళ అయిందనుకుని వస్తున్నాయి. అందుకని పంట కాపలాకని సర్కారు లైసెన్సులిచ్చింది. రైతు పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి ఆకాశంలోకి ఒక్కటి పేలుస్తాడు. పందులు గుట్టెక్కుతాయి. పందిని కొట్టిన వాడు తాలూకాలో లేడు. కొట్టడం నేరమని కొంత, మందూ గుండూ రెండూ దండగని కొంత.

ఓబులేశు ఏ పనికైనా లాభమొక తట్టలో, నష్టమొక తట్టలో పెట్టి చూసే మనిషి. కోపం వచ్చినా దాని ఖరీదెంతో చూసుకున్నాకే తెచ్చుకునేవాడు. చాలాసార్లు గిట్టుబాటు కాక మానుకునేవాడు. ఊళ్లో అతన్ని శాంతస్వభావుడంటారు.

కొట్టు వెనక తండ్రి కాలం నాటి శనక్కాయల గోదాము ఉంది. రాతి గోడలు, ఇనుప కమ్మీలు. బండ్లు బజారు వైపు తలుపు లోంచి వచ్చి, సరుకు దించి, వెనక వాగు ఒడ్డున సాగే వంక దారి వైపు తలుపు లోంచి పోయేవి. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ సర్కారుకు అప్పజెప్పాలి గదా. స్టేషన్లో పైకప్పు కారుతుంది కాబట్టి అవి ఓబులేశు గోదాముకే వచ్చేవి. ఒకసారి ఎన్నికలు సరిగ్గా శనక్కాయ పీకే రోజుల్లో వచ్చాయి. ఎన్నికలు ఎంత ప్రశాంతంగా జరిగాయో, పంట కూడా అంత ప్రశాంతంగా ఇల్లు చేరింది. తుపాకులు లేకుండా ఎలా చేరిందని ఎవరూ అడగలేదు.

అలాంటి ఊరికి ఢిల్లీ నుంచి కొత్త చట్టం వచ్చింది. దేశంలో ఎక్కడో పెళ్లి ఊరేగింపులో ఎవరో సంబరానికి తుపాకీ పేలిస్తే గుండు పోయి బ్యాండుమేళం వాళ్ల డోలుకు తగిలిందట. ఇక మీదట లైసెన్సు తుపాకీ ప్రతిదానికీ ట్రిగ్గరు కదలకుండా సర్కారు ముద్ర ఉన్న తాళం వేసి ఉంచాలని, వేయని వాడి లైసెన్సు రద్దని, తాళం లేని తుపాకీ అమ్మిన కొట్టు మూతని కేంద్రం శాసించింది.

రాష్ట్ర ప్రభుత్వానికి కోపం వచ్చింది. తాళం మీద కాదు, అడగనందుకు. మంత్రివర్గం రెండు గంటలు చర్చించి, తుపాకీ రాష్ట్రానిదైనప్పుడు తాళం కేంద్రానిది ఎలా అవుతుందని తేల్చి, ఒక ఉత్తర్వు జారీ చేసింది. దాని ప్రతి కొట్లో అందరికీ కనపడేలా అంటించమని ఓబులేశుకూ ఒకటి పంపారు. అందులో ఇలా ఉంది:

“సదరు చట్టాన్ని రాష్ట్రం ధిక్కరించుట లేదు. వ్యతిరేకించుట లేదు. సంపూర్ణముగా గౌరవించుచున్నది. అయితే గౌరవించుట వేరు, అమలుపరచుట వేరు. రాష్ట్ర ఉద్యోగి చేయి గానీ, కలం గానీ, కుర్చీ గానీ, సిరా గానీ సదరు చట్టం అమలుకు ఉపయోగపడరాదు. తాళం వేసిన తుపాకీ అమ్మిన కొట్టు లైసెన్సు రద్దు చేయబడును.”

ఓబులేశు రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. తాళం వేస్తే రాష్ట్రం మూస్తుంది. వేయకపోతే కేంద్రం మూస్తుంది. ఇంతవరకూ అతని త్రాసులో రెండు తట్టలూ నష్టమే చూపించిన బేరం ఇదొక్కటే. ఆ పూట అన్నం సహించక పళ్లెం ముందు కూర్చుని భార్య నాగరత్నమ్మకు సంగతంతా చెప్పాడు.

“ఇంతేనా?” అందామె, మజ్జిగ పోస్తూ. “ఇద్దరికీ ఊఁ కొట్టు. ఎవరు చెప్పిందీ చెయ్యాకు. ఇరవై ఆరేండ్లుగా నాతో చేస్తాండేది అదే గదా.”

పదిరోజులకు కేంద్రం వారి ఆయుధ భద్రతా ఉపనియంత్రణాధికారి ముకుందరావు రాగులపెంటకు బయల్దేరాడు. వెంట అయిదు వందల తాళాలు, పెట్టెల్లో. బస్సులో కండక్టరుకు గుర్తింపు కార్డు చూపించి రాగులపెంట వస్తే చెప్పమన్నాడు. కార్డు చూపించకుండా ఉంటే చెప్పేవాడే. కండక్టరు రాష్ట్ర ఉద్యోగి, ఉత్తర్వు డిపోలో చదివి వినిపించారు, నోటి సంగతి అందులో లేకపోయినా చేతికీ కలానికీ వర్తించింది నోటికి వర్తించదా అని అతనికి అనుమానం. ముకుందరావు పందొమ్మిది కిలోమీటర్లు ముందుకు పోయి, ఎరువుల ట్రాక్టరెక్కి తాళాలతో సహా వెనక్కి వచ్చాడు.

తహసీల్దారు కార్యాలయంలో అతనికి లోటేమీ జరగలేదు. తహసీల్దారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, అతన్ని కూర్చోమనకుండా తాను కూర్చున్నాడు. వచ్చినాయనకు దాహమేస్తే ఏం చేయాలని పైకి రాశారు. నాలుగు రోజులకు వివరణ వచ్చింది. మానవతా దృష్టితో మంచినీళ్లు ఇవ్వవచ్చును, టీ సహకారం కిందికి వచ్చును, మజ్జిగ విషయం పరిశీలనలో ఉన్నది అని.

సర్కారు వారి కుర్చీ దొరకదు కాబట్టి ముకుందరావు ఓబులేశు కొట్టు మీద మేడగది అద్దెకు తీసుకున్నాడు. అద్దె దగ్గర ఓబులేశు పట్టు పట్టలేదు. ఢిల్లీ ముద్ర తన నెత్తి మీదే కాపురముంటే, పోయి వెతుక్కునే ఖర్చు మిగిలినట్టే కదా అనుకున్నాడు. కానీ లైసెన్సు కాగితం పట్టుకుని మెట్లెక్కితే ముకుందరావు దాన్ని తిరగేసి, రాష్ట్రం వారి సంతకం ముందు పడాలని చెప్పి తిరిగిచ్చేశాడు.

వారం తిరక్కుండా రాష్ట్రం ముద్ర కూడా జీపెక్కి వచ్చింది. కొత్తగా ఏర్పడిన అమలు నిరాకరణ శాఖ తరఫున ప్రత్యేకాధికారి చెన్నకేశవులు, ఇద్దరు గుమాస్తాలు, ఒక టైపు మిషను, మూడు బీరువాలు. అతను మేడగది కింద, కొట్టు పక్కనే ఉన్న గది అద్దెకు అడిగాడు. పైవాడు ఏం చేయబోతున్నాడో తెలిస్తేనే కదా అది జరగకుండా చూసేది. ఒక చట్టాన్ని అమలు చేయకుండా ఊరుకోవడానికి ఇంత సరంజామా ఎందుకని ఓబులేశు మర్యాదగా అడిగాడు.

“అమలు చేయకపోవడం దానంతట అది జరిగిపోతుందని ప్రజల్లో ఒక అపోహ ఉన్నది, శెట్టిగారూ,” అన్నాడు చెన్నకేశవులు, ఫ్యాను కింద కుర్చీ జరుపుకుని. “అమలు చేయడానికి ఒక్క మనిషి చాలు. మీరు చూస్తున్నారుగా, పైన ఒక్కడే ఉన్నాడు. అమలు చేయకపోవడానికి యంత్రాంగం కావాలి.”

ఓబులేశు అతని ముందూ లైసెన్సు కాగితం పెట్టాడు. చెన్నకేశవులు చదివి, కేంద్రం సంతకం ముందు పడనివ్వమన్నాడు. మొదట సంతకం పెట్టినవాడు రెండోవాడి కోసం దారి చేసినట్టవుతుందట, అది సహకారమట. మేడ మీద ముకుందరావుకూ ఇదే అభిప్రాయం, కాకపోతే అతని భాషలో అది అధికార పరిధిని వదులుకోవడం. ఒకే ఇంట్లో పైనా కిందా ఉన్న రెండు సంతకాల మధ్య దూరం పదహారు మెట్లు. ఓబులేశు ఆ మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగాడు. మోకాళ్ల నొప్పి వచ్చింది గానీ సంతకం రాలేదు.

చెన్నకేశవులు పనిలోకి దిగాడు. తాలూకాలో నాలుగు వందల పన్నెండు లైసెన్సు తుపాకులున్నాయి. వాటికి తాళం పడలేదని రాష్ట్రానికి నమ్మకం ఎలా కలగాలి? అందుకని ప్రతి సోమవారం ప్రతి లైసెన్సుదారుడూ తుపాకీతో స్వయంగా వచ్చి, తాళం లేని ట్రిగ్గరు చూపించి, ఫోటో తీయించుకుని, నిరాకరణ ధ్రువపత్రం తీసుకుపోవాలని దండోరా వేయించాడు. రాని వాడు తాళం వేసినట్టే లెక్క.

తుపాకీ పట్టుకుని గట్టు మీద కూర్చోవలసిన రైతులు సోమవారం పొద్దున్నే బజారులో బారు తీరారు. వాళ్లలో పెద్దతిమ్మప్ప ఒకడు. గుట్ట కింద అతనికి నాలుగెకరాల శనక్కాయ ఉంది. కూతురి నర్సింగు చదువు ఫీజు, మోటారు మరమ్మతు, పోయినేడు తప్పిన వాన, అన్నీ ఆ నాలుగెకరాల మీదే ఆధారపడి ఉన్నాయి. తాత నాటి గొట్టం తుపాకీ భుజానేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. తాళం వేశావా అని చెన్నకేశవులు అడిగాడు.

“యేం తాళం సార్?”

“అదే. వేయకూడని తాళం.”

“నాకు దాని సంగతే తెల్దు సార్.”

చెన్నకేశవులు కలం కింద పెట్టాడు. తెలియకుండా వేయకపోవడం నిరాకరణ కిందికి రాదని, అది వట్టి అజ్ఞానమని, పౌరుడు చట్టాన్ని క్షుణ్ణంగా తెలుసుకుని, అర్థం చేసుకుని, ఆ తరువాత బుద్ధిపూర్వకంగా పక్కన పెట్టాలని నిదానంగా వివరించాడు. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం ఒక గుమాస్తా వీధి అరుగు మీద నిలబడి ఇరవై రెండు సెక్షన్ల కేంద్ర చట్టాన్ని పెద్ద గొంతుతో చదవడం, రైతులు ఎండలో కూర్చుని వినడం మొదలైంది. సగం చదివాక గుమాస్తా ఆగి, అర్థమైందా అని అడిగేవాడు. కాలేదన్నవాడికి మళ్లీ మొదటి నుంచి. రెండో వారానికల్లా అందరికీ అంతా అర్థమైంది. మేడ మీద కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ముకుందరావు కళ్లు మూసుకుని ఆనందంగా విన్నాడు. ఆ వారం ఢిల్లీకి పంపిన నివేదికలో ‘ప్రజల్లో చట్టంపై విస్తృత అవగాహన కల్పించబడినది’ అని రాశాడు. అది అబద్ధం కూడా కాదు.

అవగాహన కలిగాక తాళం పంచాలి. పోలీసులు రాష్ట్రం వాళ్లు. తహసీల్దారు రాష్ట్రం వాడు. బలవంతం చేయడానికి ముకుందరావు దగ్గర తన రెండు చేతులూ, ఓ గొడుగూ తప్ప ఏమీ లేవు. ఓబులేశును సలహా అడిగాడు. ఓబులేశు ఆ పొడుగు కొక్కెం తాళాన్ని చేత పట్టుకుని బరువు చూశాడు, కొక్కెం లాగి చూశాడు, తాళం చెవి తిప్పి చూశాడు. మంచి సరుకు. నీళ్లలో పడ్డా తుప్పు పట్టేది కాదు.

“ఉచితమని బోర్డు పెట్టండి సార్,” అన్నాడు. “సర్కారు వస్తువు ఉచితమైనాక ఎందుకని ఎవురూ అడగరు.”

అలాగే జరిగింది. కింద నిరాకరణ ధ్రువపత్రం తీసుకున్నవాడు తీసుకున్నట్టే పక్క మెట్లెక్కి పైన తాళం తీసుకున్నాడు. చెన్నకేశవులు చూసి మొదట ఉలిక్కిపడ్డాడు గానీ, నిషేధం తుపాకీకి తాళం వేయడం మీదే తప్ప తాళం ఇంటికి తీసుకుపోవడం మీద లేదని ఉత్తర్వులు తిరగేసి ఊరట చెందాడు. పెద్దతిమ్మప్ప తాళం మోటారు స్టార్టరు పెట్టెకు పడింది. పక్కింటాయనది మేకల కొట్టానికి. ఒక ముసలామె మనవడి లైసెన్సు మీద వచ్చి పచ్చళ్ల గదికి తీసుకుపోయింది, కోడలొచ్చిన నాటి నుంచి ఆమెకు ఆ అవసరముంది. ఓబులేశు కూడా నాలుగు అడిగి తీసుకున్నాడు. మూడు వారాల్లో అయిదు వందల తాళాలూ చెల్లిపోయాయి. తుపాకీకి మాత్రం ఒక్కటీ పడలేదు. పంది చేలోకి దిగాక చీకట్లో తాళం చెవి వెతుక్కునేంత తీరిక ఏ రైతుకుంది?

ముకుందరావు పైకి రాశాడు, తాళాల పంపిణీ నూటికి నూరు శాతమని. చెన్నకేశవులు పైకి రాశాడు, తాళం పడిన తుపాకులు సున్నా శాతమని. ఇద్దరివీ సత్యాలే. ఇద్దరికీ ప్రశంసాపత్రాలు ఒకే రోజు ఒకే పోస్టుమ్యాను చేతిలో వచ్చాయి. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. మాట్లాడుకోలేదు, దానికి అనుమతి లేదు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. జిల్లా పత్రిక వాళ్లు రెండు వార్తలనూ ఒకే పేజీలో పక్కపక్కన వేశారు. అటు నూరు, ఇటు సున్నా. ఢిల్లీ వాళ్లు చదివి, నూరు పంచితే సున్నా ఎలా మిగిలిందని ముకుందరావును అడిగారు. రాజధాని వాళ్లు చదివి, సున్నా పడితే మిగతా నూరు ఎక్కడున్నాయని చెన్నకేశవులును అడిగారు. ఇద్దరి పైఅధికారులూ కళ్లారా చూడటానికి వస్తున్నామని కబురు పెట్టారు, ఇద్దరూ ఒకే తేదీకి. అది దీపావళి వెళ్లిన పదో రోజు. ఓబులేశు లైసెన్సు గడువు తీరిన మర్నాడు.

చెన్నకేశవులు రెండు రోజులు గదిలో పచార్లు చేశాడు. మూడో రోజు ఓబులేశును పిలిచి తన భయం చెప్పుకున్నాడు. ప్రతి ఇంట్లో తుపాకీ ఉంది. అదే ఇంట్లో తాళమూ ఉంది. మధ్యలో ఒక గోడ. ఏ బలహీన క్షణంలో పౌరుడు చట్టానికి లోబడిపోతాడో ఎవరు చెప్పగలరు? ఆ క్షణం అధికారులు వచ్చిన పూటే అయితే? కాబట్టి తుపాకులను తాళాలకు అందకుండా రాష్ట్ర సంరక్షణలోకి తీసుకోవాలని నిర్ణయించాడు. తాలూకాలో గట్టి గది ఒక్కటే, అది ఓబులేశు గోదాము.

నాలుగు వందల పన్నెండు తుపాకులూ గోదాము చేరాయి. సరేగానీ తలుపుకు తాళమేది? శాఖకు తాళం కొనాలంటే మూడు కొటేషన్లు పిలిపించి పైకి పంపాలి. అది సంక్రాంతికి గానీ తేలదు. ఓబులేశు లోపలికి పోయి తన నాలుగింటిలో ఒకటి తెచ్చిచ్చాడు. ఢిల్లీ ముద్ర మెరుస్తోంది. చెన్నకేశవులు దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు ఆలోచించాడు.

“ఇది తుపాకీకి వేస్తున్న తాళం కాదు,” అన్నాడు చివరికి. “తలుపుకు వేస్తున్న తాళం. రాష్ట్రంలో తలుపుల విషయమై ఎటువంటి నిషేధమూ లేదు.”

తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, కేంద్రం తాళం నుంచి రాష్ట్ర తుపాకులు పూర్తిగా రక్షించబడ్డాయని రాసుకున్నాడు. అప్పుడే మేడ దిగి వచ్చిన ముకుందరావు కమ్మీల సందులోంచి లోపలికి తొంగిచూసి, తుపాకుల లెక్క సరిచూసుకుని, తన ముద్ర ఉన్న తాళాన్ని ఆప్యాయంగా తడిమాడు. తాలూకాలోని లైసెన్సు తుపాకులన్నీ కేంద్ర ముద్ర గల తాళం వెనక ఉన్నవని, అమలు నూటికి నూరు శాతమని అతనూ రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ రోజూ సాయంత్రం వేరువేరుగా వచ్చి ఆ తాళాన్ని లాగి చూసి తృప్తిగా వెళ్లేవారు. రాష్ట్రం కేంద్రాన్ని పూర్తిగా నిరాకరించింది, కేంద్రం రాష్ట్రంలో పూర్తిగా అమలైంది. ఇంత చక్కగా కుదిరిన బేరం ఓబులేశు కూడా ఎన్నడూ చూడలేదు. చిక్కల్లా ఆ సమయానికి పందులు గుట్ట దిగడం.

పెద్దతిమ్మప్ప ఆ వారం కొట్టుకొచ్చినప్పుడు గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. తూర్పు మడి అరెకరం రెండు రాత్రుల్లో పోయిందన్నాడు. ఇంకో పది రోజులు ఆగితే పీకడమే. ఈ పది రోజులూ కాపాడుకోలేకపోతే కూతుర్ని కాలేజీ మాన్పించి తెచ్చుకోవాలి. అతను అరవలేదు, అలా చెప్పి బల్ల మీద కూర్చున్నాడు.

“తాళం పడకుండా నా తుపాకీని కాపాడినారంట గదా శెట్టీ,” అన్నాడు. “మరి నా శనక్కాయను ఎవురు కాపాడతారు? సర్కారు కింద ఒకటుంది, పైన ఒకటుంది. పందికేమో ఏ సర్కారూ లేదు.”

ఓబులేశు అలవాటు కొద్దీ త్రాసు తీశాడు. రైతు మునిగితే వచ్చే ఏడు మందు కొనేవాడు ఉండడు. సంతకాలు పడకపోతే మందు అమ్మేవాడూ ఉండడు. గడువు వారం రోజులుంది. పోయేది ఎటూ పోయేటట్టే ఉన్నప్పుడు ఉన్నదాన్ని కాపాడుకోవడమే వ్యాపారం. అంతకు మించి, తిమ్మప్ప కూతురు చిన్నప్పుడు కొట్లోకొచ్చి బెల్లం ముక్క అడిగేది. అది ఏ తట్టలో వేయాలో అతనికి తెలియలేదు గానీ, వేశాడు.

“వెనక తలుపు గుర్తుందా తిమ్మప్పా?”

“ఎలచ్చన్లప్పటిదా?”

“అదే. వంక దారి పక్కది.”

“దానికి తాళం?”

“దాన్ని గురించి ఏ సర్కారూ ఉత్తర్వు ఇయ్యల్యా,” అన్నాడు ఓబులేశు. “పొద్దుగూకే ముందర తీసుకపోండి, తెల్లారే సరికి పెట్టేయండి. ముందు తలుపు దగ్గరకు మాత్రం ఎవురూ రావొద్దు. ఆఫీసర్లు ఆడ పనిలో ఉంటారు.”

నాలుగు రోజులు సజావుగా సాగింది. దీపావళి వెళ్లి అప్పటికి వారమయింది. పొద్దుగూకే వేళ గుట్ట వైపు నుంచి వినిపించే చప్పుళ్లను మిగిలిపోయిన టపాకాయలని ఊరంతా అనుకుంది. ఊరంతా అనుకోవడానికి ముందే ఒప్పుకుని ఉంది.

గడువు చివరి రోజు సాయంత్రం ఓబులేశు గోదాము ముందు ఒక స్టూలు వేశాడు. దాని మీద లైసెన్సు కాగితం, రెండు కలాలు. మర్నాడు పైఅధికారులు వచ్చేలోగా తాళం ఎలా ఉందో చివరిసారి చూసుకోవడానికి ఆ పూట ఇద్దరు అధికారులూ ఒకేసారి వచ్చారు. చెన్నకేశవులు కొత్త బోర్డు కూడా చేయించి తెచ్చాడు. ‘తాళం పడని తాలూకా’ అని ఎర్ర అక్షరాలు. ముకుందరావు దగ్గరా ఒక బోర్డుంది, ‘సంపూర్ణ తాళ సాఫల్య తాలూకా’ అని నీలం అక్షరాలు. రెండూ ఒకే తలుపుకు తగిలించాలి. ఏది పైన, ఏది కింద అన్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఓబులేశు సంతకాల మాట ఎత్తబోతే, ముందు వారిది కానివ్వమని ఇద్దరూ ఒకరినొకరు చూపించారు.

అప్పుడు వంక అవతల నుంచి ఢామ్మని పేలింది.

టపాకాయకూ గొట్టం తుపాకీకీ తేడా తెలియనివాడు ఆ ముగ్గురిలో లేడు. కమ్మీల సందులోంచి చూస్తే లోపల చీకటి. చెన్నకేశవులు గొంతు సవరించుకుని, తలుపు తీసి ఒకసారి సరిచూద్దామా అన్నాడు. ముకుందరావు తాళాన్ని రెండు చేతులా మూశాడు. తలుపు తీయాలంటే తాళం తీయాలని, తాళం తీసిన క్షణంలో తాలూకాలో ఒక్క తుపాకీకీ తాళం లేనట్టవుతుందని, ఆ క్షణానికి తాను ఏ నివేదిక రాయాలని అడిగాడు. ఆ తరువాత ఇద్దరూ ఓబులేశు వైపు చూశారు.

ఓబులేశు స్టూలును కొంచెం ముందుకు జరిపాడు.

“సార్,” అన్నాడు, చేతులు కట్టుకుని. “అది తుపాకీ అయితే మీరిద్దరూ రాసిందంతా మళ్లీ రాయాల్సొస్తాది. టపాకాయ అయితే ఈ కాయితం మీద రెండు సంతకాలు చాలు.”

చెన్నకేశవులు ఒక కలం తీసుకున్నాడు. ముకుందరావు రెండోది తీసుకున్నాడు. కలాలు కాగితం మీద అంగుళం ఎత్తున ఆగాయి. ఎవరి మొన ముందు ఆనితే వారు లోబడినట్టు. ఒకరి చేతినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. తండ్రి నాటి కొట్టు ఆ అంగుళం సందులో వేలాడుతోంది.

వంక అవతల రెండోది పేలింది. ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు. రెండు మొనలూ ఒక్కసారే కాగితానికి ఆనాయి. ఆనిన కలాన్ని సంతకం చేయకుండా ఎత్తడానికి ఏ శాఖలోనూ నిబంధన లేదు.

“చిచ్చుబుడ్డి,” అన్నాడు చెన్నకేశవులు సంతకం కింద గీత గీస్తూ, ఎవరూ అడగకుండానే.

“లక్ష్మీ బాంబు,” అన్నాడు ముకుందరావు. ఇద్దరి మధ్యా అధికారికంగా జరిగిన మొదటి సంభాషణ అదే.

మర్నాడు రెండు వైపుల నుంచీ పెద్దలు వచ్చారు. బోర్డుల గొడవ ఓబులేశే తేల్చాడు. ఒక రెక్కకొకటి, సమానమైన ఎత్తులో. పెద్దలు తాళాన్ని లాగి చూసి, బోర్డుల పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుని, ఈ రాగులపెంట పద్ధతిని అన్ని తాలూకాలకూ విస్తరింపజేయాలని విడివిడిగా ప్రకటించారు. ఒక్కో తాలూకాకు ఒక్కో గోదాము అద్దెకు కావలసి ఉంటుంది కాబట్టి, దానికి ఉండవలసిన లక్షణాలేమిటో చెప్పమని ఓబులేశును ఇద్దరూ అడిగారు.

“రాతి గోడలుండాల సార్,” అన్నాడు ఓబులేశు. కాసేపు లెక్క చూసుకుని మళ్లీ అన్నాడు. “తలుపులు రెండుండాల.”

గాలి ఆడటానికేమోనని పెద్దలు రాసుకున్నారు.

వాళ్లు ఇంకా కుర్చీల్లో ఉండగానే పెద్దతిమ్మప్ప వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. తలమీద తట్టనిండా ఉడకబెట్టిన పచ్చి శనక్కాయలు, ఆవిరి ఇంకా లేస్తోంది. కేంద్రానికో దోసిలి, రాష్ట్రానికో దోసిలి పోశాడు. ఢిల్లీ పెద్దాయన ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, గింజ బాగా పట్టిందే, ఈ ప్రాంతంలో పందుల బెడద ఎక్కువని విన్నాను, రాలేదా అని అడిగాడు.

“వచ్చినాయి సార్,” అన్నాడు పెద్దతిమ్మప్ప, ఇంకో గుప్పెడు పోస్తూ. “టపాకాయలకు బెదిరి పోయినాయి. ఈ యేడు మా తాలూకాలో దీపావళి కొంచెం ఎక్కువ దినాలు జరిగింది.”

ముకుందరావు, చెన్నకేశవులు తలలు వంచుకుని శనక్కాయలు ఒలుచుకున్నారు.